కొండల్ పేరు మీది పెరడు

మగ్గం మీద మనిషి లేని రోజు నర్మదకు సగం పండుగ. సిద్దిరాములు పొద్దుగాల్నే తాసీలు ఆఫీసుకు పోయిండు గనుక, నూలు కండె అందియ్యమని లోపటి నుంచి కేకేసేటోళ్లు లేరు. ఆమె వాకిట్ల పీట మీద కూసోని రేపటికి కావాల్సిన కండెలు నిమ్మలంగ చుట్టుకుంటున్నది. అత్త సత్తమ్మ అరుగు మీద కాళ్లు చాపుకోని పప్పుల రాళ్లు ఏరుతున్నది. బిడ్డ బాలలక్ష్మి బడికి పోయింది. పొయ్యి మీద గంజి ఉడుకుతున్నది.

సిద్దిరాములు పగటీలికి వచ్చిండు. చెప్పులు ఇడిసి, కడవల నీళ్లు ముంచుకోని తాగి, కండువతోటి మూతి తుడుసుకోని, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టే చెప్పిండు.

“గా పెరడు మనది గాదట.”

నర్మద రాట్నం ఆపలే. ఇంకెవలిదో ముచ్చట అనుకున్నది.

“ఏ పెరడు?”

“ఏ పెరడేంది, మన ఇంటెనుకది. సర్కారు పహాణి బుక్కుల ఇల్లు ఒక నంబరట, పెరడు ఇంకొక నంబరట. పెరడు నంబరు కొండల్ పేరు మీద ఉన్నది. రాయమల్లు తమ్ముడు లేడా, గత్తర రోగంల పోయిండు సూడు, ఆయన. రాయమల్లుకు అది అమ్మే హక్కే లేదని గుమాస్త చెప్పిండు. రిజిస్ట్రీ లేని మన తెల్లకాయితం సూసి నవ్విండు.”

చేనేత సంఘమోళ్లు రెండు మగ్గాలకు షెడ్డు ఏసుకోనీకె అప్పు ఇస్తరంటే, ఆ పెరట్ల ఏసుకుందామని సిద్దిరాములు ఎండాకాలం సంది తిరుగుతున్నడు. జాగ కాయితాలు తెమ్మన్నరు. అందుకోసమే ఇయ్యాల పోయిండు. షెడ్డు ఏస్తే చెట్లన్నీ కొట్టెయ్యాలె గదా అని నర్మద ఒకసారి అంటే, “చెట్లు అన్నం పెడ్తయా” అన్నడు. ఆ మాట మీద ఆమె నెల రోజుల నుంచి లోపట్నే కొట్లాడుతున్నది. ఇప్పుడు చెట్లు కొట్టుడు కాదు, చెట్ల కింద మన్నే తమది కాదంటున్నడు.

సత్తమ్మ చాట కింద పెట్టింది. “పదకొండేండ్ల కింద కొన్న జాగ ఇప్పుడు మనది కాకుంట ఎట్ల పోతది? ఆ రాయమల్లును ఈడికి పిలువు.”

“పిలిస్తే వస్తడా, ఆడు ఊర్ల లేడు. అంతయ్య అన్నతోటి మాట్లాడినంక సూద్దాం.”

తల్లీ కొడుకు మాట్లాడుకుంటనే ఉన్నరు. నర్మద లేచి గంజి దించింది. చేతులు కడుక్కున్నది. ఎనుక తలుపు తీసి గడప మీద నిలబడ్డది. ఆమెకు ఆశ్చర్యం కాలే. కోపం రాలే. చిన్నప్పుడు పక్కింట్ల రేగువడియాలు దొంగతనంగ తిని మూతి తుడుసుకొని ఇంటికొస్తే, అవ్వ ఏమనకుంట మొఖం దిక్కు సూసినప్పుడు ఎట్లయిందో, సరిగ్గ అట్లనే అయింది.

*

ఆ పెరడు కొన్ననాడు నర్మదకు ఇరవై ఏండ్లు. పోలీసు యాక్షనయిన ఐదో ఏడు. చెన్నూరుల పద్మశాలోళ్ల వాడకట్టుల ఇండ్లన్నీ గోడకు గోడ ఆనుకోని ఉంటయి. ముందు రోడ్డు, లోపట రెండు మగ్గాల గుంతలు, ఎనుక పొయ్యి, అంతే. ఆడోళ్లు తానం చెయ్యాలంటే పొద్దు పొడువకముందే లేచి, మంచం నిలువుగ పెట్టి, దాని మీద చీరె ఏసి, ఆ మూలకు వంగి వంగి నీళ్లు పోసుకోవాలె. లేసుడు జర ఆలస్యమైతే ఆనాటికి తానం లేదు. బాలలక్ష్మి పుట్టి పదో రోజున ఆ మంచం మాటున పురిటి తానం చేస్తుంటే, బావ అంతయ్య బీడీ ముట్టించుకోనీకె నిప్పు కోసం పొయ్యి కాడికి వచ్చిండు. వచ్చినోడు ఎనుకకు పోలే. “కానియ్యి, కానియ్యి, నేను సూస్తలేను” అనుకుంట నిప్పు ఏరుకోని నిమ్మలంగ పోయిండు. నర్మద తడిబట్ట చుట్టుకోని మోకాళ్లల్ల తల పెట్టుకోని కూసున్నది. తర్వాత అత్తతోటి చెప్తే, “ఇంట్లోనే గదనే, బయటోడు కాదు గద” అన్నది.

అందుకే పక్కింటి రాయమల్లు, తమ ఇంటెనుక ఖాళీగ పడున్న జాగను అమ్ముతనంటున్నడని ఇన్నప్పుడు, నర్మద మొదటిసారి పెనిమిటిని ఒకటి అడిగింది. చీరె కాదు, సొమ్ము కాదు. సొమ్మే తీసి ఇచ్చింది. తల్లిగారు పెట్టిన పట్టెడ, కాళ్ల కడియాలు మూట గట్టి సిద్దిరాములు చేతుల పెట్టింది. “తడిక కట్టుకోనీకె జర మరుగైతే చాలు” అన్నది.

కాయితం రాసిననాడు ఐదుగురు పెద్దమనుషులు వాకిట్ల కూసున్నరు. నర్మద తలుపెనుక నిలబడి, అందరికి ఛాయ్ పంపించి, ఎంతో ధైర్యం చేసి అన్నది, “నా పేరు గూడ రాయరాదు?” వాకిట్ల నవ్వులు లేసినయి. ఎగతాళి నవ్వులు కావు, పిల్లలు ముద్దు మాట మాట్లాడితే నవ్వినట్టు. సత్తమ్మ తలుపు కాడికి వచ్చి మెల్లగ అన్నది, “ఆడిదాని పేరు మీద జాగ ఉంటే, ఇగ ఆ ఇంట్ల మొగోడెందుకే?” అట్ల కాయితం మీద సిద్దిరాములు పేరు ఎక్కింది. రాయమల్లు ఏలుముద్ర ఏసిండు.

కాయితం ఎవలి పేరు మీద ఉన్నా పెరడు మాత్రం నర్మద చేతికే వచ్చింది. ఎందుకంటే అండ్ల చెయ్యాల్సిందంత పనే. రాళ్లు ఏరింది. తుమ్మకంపలు కొట్టింది. బాయి నీళ్లు మోసింది. పొద్దంత కండెలు చుట్టి, పడుగు దారాలు పోసేటప్పుడు పెనిమిటి ఎంట వాడకట్టు పొడుగూత నడిచి, వండి, పెట్టి, తోమి, మిగిలిన గడియ ఆ మట్టిల పెట్టింది. సొరతీగ పెట్టింది. చిక్కుడు పందిరేసింది. మల్లె అంటు తల్లిగారి ఊరి నుంచి తడిబట్టల చుట్టుకోని తెచ్చింది. బావ ఇంటికి, ఆడిబిడ్డ ఇంటికి, సంఘం సెక్రెటరీ ఇంటికి కూరగాయలు పోతుండె. “మా పెరటివి” అని సిద్దిరాములు పంచుతుండె. “మా కోడలుకు పొద్దుపోక పెంచుతది” అని సత్తమ్మ చెప్తుండె. పొద్దుపోక అన్న మాటకు నర్మదకు ఒక్కొక్కసారి నవ్వొచ్చేది. ఆ ఇంట్ల పొద్దు పోని మనిషి ఎవలన్న ఉంటే ఆమె కాదు.

అయినా పెరట్ల ఉన్నంతసేపు ఆమెను ఎవలు పిలిచినా ఒక గోడ దాటి పిలువాలె. ఆ ఒక్క గోడ ఆమెకు మస్తు సుఖం. తడిక మాటున ఎండ మీద పడంగ, తలారబెట్టుకోని, రవికె ముడి ఇప్పుకోని, ఎవలకు తల్లి కాకుంట, కోడలు కాకుంట ఒక పావుగంట కూసునేది. అట్ల కూసున్నప్పుడు ఏమాలోచిస్తవని బాలలక్ష్మి ఒకసారి అడిగింది. “ఏం లేదు బిడ్డా” అన్నది. నిజంగనే ఏం లేదు. ఏం ఆలోచించకుంట ఉండుడే ఆమెకు అండ్ల దొరికింది.

*

దేవవ్వ మొదటిసారి వచ్చింది ఆ పెరడు కొన్న ఏడే, పెత్రమాస నాడు. కొండల్ పెండ్లాం. పెనిమిటి పోయినంక నెల దినాలకే రాయమల్లు ఆమెను తల్లిగారింటికి తోలిండు. పిల్లలు లేరు. పెత్రమాసకు పెనిమిటి పేరు మీద ఇంత బియ్యం ఇయ్యాలని వస్తే, రాయమల్లు ఇంట్ల ఆమెను కూసోమన్నోళ్లు లేరు. బియ్యం అరుగు మీద పెట్టి, సందుల నుంచి ఎనుకకు వచ్చింది. నర్మద అప్పుడు పాదులు తవ్వుతున్నది.

పెరట్ల ఒక మూలకు అంతకుముందు నుంచే ఒక జామచెట్టు ఉన్నది. దేవవ్వ దాని మొదలు మీద చెయ్యేసి నిలబడ్డది. సన్నటి మనిషి, తెల్లచీరె, పొగాకు వాసన. “గీ చెట్టు మా ఇంటాయన పెట్టిండక్కా” అన్నది. “గీ జాగ మా వాటాకు వచ్చిందనేటోడు. ఒక గుడిసె ఏసుకుందమనేటోడు” అన్నది.

నర్మద ఇన్నది. మంచిగనే ఇన్నది. గడ్డపార చేతుల పట్టుకోని ఉన్నది, కాకి అరుస్తున్నది, ఒక్కొక్క మాట చెవుల పడ్డది. అడుగొచ్చు. మీ వాటాకు వస్తే రాయమల్లు మామ ఎట్ల అమ్మిండు అని ఒక్క మాట అడుగొచ్చు. ఆమె అడుగలే. గడ్డపార కింద పెట్టి, కొంగు నడుముకు చెక్కుకోని, చెట్టెక్కినంత పని చేసి, పండిన జామకాయలన్నీ తెంపి ఒక పాత బట్టల మూటగట్టి దేవవ్వ చేతుల పెట్టింది. “తీస్కపో చెల్లె, మీ అన్న పిల్లలు తింటరు” అన్నది. దేవవ్వ మూట దిక్కు సూసింది, నర్మద మొఖం దిక్కు సూసింది, పోయింది.

ఆనాడు నర్మద అన్నం తినలే. తర్వాత తనకు తాను చెప్పుకున్నది. దుఃఖంల ఉన్న మనిషి, ఏదో అన్నది. అన్నదమ్ముల ముచ్చట మనకేం ఎరుక. పెద్దమనుషులు కూసోని రాసిన కాయితం అబద్ధమైతదా. అట్ల ఒక్కొక్క మాట పేర్చుకుంట పోతే, జరంత జరంత మీదికి లేచి ఒక గోడయింది. ఆ గోడ మాటునే ఆమె పదకొండేండ్లు పెరట్ల కూసున్నది.

దేవవ్వ ఏడాదికొకసారి వచ్చేది. బతుకమ్మకు ముందు బంతిపూలకు, ఒకసారి కల్యామాకుకు, ఒకసారి ఊరికెనే. నర్మద ఎప్పుడు ఒట్టి చేతులతోటి పంపలే. కూరగాయలు, పాత రవికెలు, పిల్లలకు బెల్లం. ఇయ్యంగ ఇయ్యంగ ఇచ్చుడు అలవాటైంది. అలవాటయినంక అండ్ల ఒక తీరు గర్వం గూడ చేరింది. వాడకట్టుల ఆడోళ్లు “నర్మదది పెట్టే చెయ్యి” అంటుండిరి. ఆమె కాదనలే. చివరి మూడేండ్లు దేవవ్వ రాలే. కాళ్లనొప్పులట అని ఎవలో అన్నరు. నర్మద అడిగి తెలుసుకోలే. లోపట ఎక్కడ్నో జర తేలికయింది గూడ.

*

అంతయ్య వచ్చి ఉపాయం చెప్పిండు. తాసీలుల పనిచేసే ఒకాయన ఎరుకనట. దేవవ్వ తోటి ఒక ముద్ర కాయితం మీద ఏలు పెట్టిస్తే చాలట. “నా పెనిమిటి బతికుండంగనే, మా ఇద్దరి ఇష్టంతోటి గీ జాగను సిద్దిరాములుకు అమ్మినం, పైసలు ముట్టినయి” అని రాసి ఉంటది.

“ఆమె పెడ్తదా?” అన్నడు సిద్దిరాములు.

“ఎందుకు పెట్టది? సదువా, సంధ్యా? మనం పోతే పరేషాన్ అయితది గని, మరదల్ని పంపు. ఆడిదానికి ఆడిది చెప్తే ఇంటది. ఏండ్ల సంది ఈమె చేతి కూరగాయలు తిన్నది. ఒక కొత్త చీరె పెట్టి అడుగుతే కాదంటదా.”

వాళ్లు నర్మద దిక్కు సూసి మాట్లాడలే. ఆమె అక్కడ్నే, అన్నం వడ్డిస్తున్నది. సిద్దిరాములు మజ్జిగ కోసం ఆకు మీద గుంత చేసుకుంట అన్నడు, “నీ పెరడేనాయె. నీకే గదా పానం దాని మీద. పోయి రా.”

ఆమె పోతనన్నది. ఎందుకన్నదో ఆమెకు అప్పుడు తెల్వదు. కాదంటే ఇంట్ల ఏమైతదో అన్న భయం కొంత. పెరడు మీది పానం కొంత. అది అబద్ధం కాదు. బండిల కూసోని పోతుంటే, చేతుల చీరె పొట్లం పట్టుకోని, ఆ కాయితం మీద ఏలుముద్ర పడినంక మళ్లీ తడిక మాటున ఎండల కూసున్నట్టే ఊహించుకున్నది. ఆ ఊహ మంచిగనే అనిపించింది. అది తలుసుకున్నప్పుడల్ల ఆమెకు ఇప్పటికి గూడ సిగ్గయితది.

దేవవ్వ తల్లిగారి ఊరు వాగు అవుతల. అంతయ్య ఊరి మొదట్ల దుకాణం కాడ దిగి, “నేను ఈడ్నే ఉంట. జల్ది తీస్కరా” అని కాయితం, సిరా డబ్బి ఆమె చేతుల పెట్టిండు.

దేవవ్వ అన్న ఇల్లు పెద్దదే, గని ఆమె ఉండేది ఎడ్ల కొట్టం పక్కకు ఏసిన పంచల. ఒడిల చాట పెట్టుకోని బీడీలు చేస్తున్నది. ఆ పంచకు మూడు దిక్కులే గోడ. నాలుగో దిక్కు ఎడ్లు. కొట్టం కొసకు ఒక మంచం నిలువుగ పెట్టి ఉన్నది, దాని మీద పాత చీరె ఏసి ఉన్నది. అదేందో నర్మదకు ఎవలు చెప్పాల్సిన పని లేదు.

“రా అక్కా” అని దేవవ్వ గోనెసంచి పరిసింది. చెంబుల నీళ్లిచ్చింది. మోకాళ్లు వాచి ఉన్నయి. లేసేటప్పుడు గోడ పట్టుకున్నది.

నర్మద చీరె పొట్లం ముందట పెట్టింది.

“పండుగ కాదు, పబ్బం కాదు. చీరెందుకక్కా?”

“ఊరికెనే.”

దేవవ్వ పొట్లం ముట్టుకోలే. నర్మద చేతుల కాయితాన్ని సూసింది, సిరా డబ్బిని సూసింది. ఏమీ అడుగలే. బీడీ ఆకుల పొగాకు అంటిన కుడిచెయ్యి బొటనవేలును చీరె అంచుకు మంచిగ తుడుసుకోని ముందటికి చాపింది.

“ఎక్కడ పెట్టాలె?”

చాపిన ఆ ఏలు అట్లనే గాలిల ఉన్నది. ఆ ఏలు కొస పొగాకు ఎక్కి నల్లగయింది, గోరు పగిలింది. నర్మద జీవితంల ఎన్ని కాయితాలు రాసిన్రు, ఎవలు ఏం రాసిన్రు, ఆమె గూడ ఒక్కనాడు సదివి సూసుకోలే. తలుపెనుక నిలబడ్డది. దేవవ్వకు ఆ తలుపు గూడ లేదు.

“ఏందని అడుగవా?” అన్నది నర్మద.

“నువ్వు తెచ్చినవు గదా.”

“పెట్టకు.”

దేవవ్వ చెయ్యి ఎనుకకు తీసుకోలే. అర్థం కానట్టు సూసింది. నర్మద కాయితాన్ని మడిచి కింద పెట్టింది. “అది నువ్వు నీ జాగను అమ్మినట్టు కాయితం. మా ఎనుక పెరడు నీది. సర్కారు బుక్కుల ఇప్పటికి మీ ఇంటాయన పేరే ఉన్నది. మీ బావ నీకు చెప్పకుంట మాకు అమ్మిండు. ఈ ఏలు పెడితే ఇగ నీకు రాదు. పెట్టకపోతే ఎప్పటికైనా నీదే.”

చెప్పుడు అయిపోయింది. ఇంత చిన్న మాట. ఒక ఎద్దు మెడ తిప్పితే గంట మోగింది. దేవవ్వ మెల్లగ చెయ్యి ఒడిలకు తీసుకోని, ఒక ఆకు తీసి, పొగాకు పోసి, చుట్టి, దారం కట్టింది. అది చాటల ఏసి అడిగింది.

“నీకెప్పుడు ఎరుకయింది?”

ఈ నెలల అని చెప్పొచ్చు. తాసీలుల చెప్పిన్రని చెప్పొచ్చు. అది గూడ అబద్ధం కాదు. అట్ల చెప్తే దేవవ్వ చేతులు పట్టుకోని ఏడుస్తదేమో, దేవుని లెక్క వచ్చినవు అంటదేమో. ఆ ఆశ నర్మద నాలుక కొస దాక వచ్చింది.

“నువ్వు మొదటిసారి వచ్చిననాడే,” అన్నది. “పెత్రమాస నాడు. నువ్వు చెప్పినవు, నేను ఇన్న.”

దేవవ్వ తలూపింది. “గప్పుడే అనుకున్న. గన్ని జామకాయలు ఊరికెనే ఎవలిస్తరు.”

నర్మద తల దించుకున్నది. “మరి నన్నెందుకు అడుగలే?” అన్నది. అన్నంక అది ఎంత అన్యాయమైన మాటనో ఆమెకే తెలిసింది.

“అడిగితే ఏమయితుండె? మా బావ నన్ను కొట్టి తోలిండు. మా అన్న నాతోటి ఎందుకు గొడవని ఊకున్నడు. మీ ఇంటాయన కొన్నోడాయె. నువ్వొక్కదానివి ఏడాదికొకసారి ఏదో ఒకటి పెడుతుంటివి. అడిగితే గది గూడ బందైతుండె.” ఆమె గొంతుల కోపం లేదు. బీడీలు లెక్కబెట్టినట్టు చెప్పింది. “నీ పెరట్ల నువ్వు పాదులు చేస్తుంటే సూసేదాన్ని. మంచిగ చేస్తది, చెయ్యనీ అనుకునేదాన్ని. ఇంటికొచ్చినంక ఏడ్సేదాన్ని.”

చీరె పొట్లాన్ని ఒక ఏలితోటి నర్మద దిక్కు జరిపింది. “గిది తీస్కపో.”

*

దుకాణం కాడ అంతయ్య లేచి నిలబడ్డడు. “పెట్టిందా?”

“పెట్టలే. నేనే వద్దన్న.” పెండ్లయిన పదమూడేండ్లల బావ ముందట ఆమె తలెత్తి చెప్పిన మొదటి మాట అది.

దారిపొడుగూత ఆయన మాట్లాడలే. ఇంటికొచ్చినంక మాట్లాడిండు. సిద్దిరాములు మాట్లాడిండు. సత్తమ్మ మాట్లాడింది. “తిన్న ఇంటి వాసాలు లెక్కబెట్టేది” అన్నరు. “మొగుని కడుపు కొట్టి పరాయిదానికి పెట్టింది” అన్నరు. సిద్దిరాములు నాలుగు నెలలు ఆమె పేరు పెట్టి పిలువలే. కండె కావాలంటే మగ్గం చెక్క మీద కొట్టేటోడు. ఆ చప్పుడుకు లేచి పోయి ఇచ్చేది. మాట కంటే చప్పుడే నయమని కొన్ని దినాలు అనిపించింది, ఆ తర్వాత అదీ నయం కాదనిపించింది.

దేవవ్వ అన్నకు చెల్లె మీద అప్పుడు ప్రేమ పుట్టింది. జాగ ఉన్నదంటే ఎవలకైనా పుడుతది. అర్జీ పెట్టించిండు. చలికాలం మొదట్ల సర్వేయరు గొలుసు పట్టుకోని వచ్చిండు. పట్వారి వచ్చిండు, వాడకట్టు పెద్దమనుషులు వచ్చిన్రు, రాయమల్లును గూడ పిలిపించిన్రు. చిక్కుడు పందిరి కింద నుంచి గొలుసు గుంజిన్రు. తమ ఎనుక గోడకు రెండు మూరల అవుతల రాయి పాతిన్రు. ఆ రెండు మూరలే ఇంటిది. మిగిలిందంత కొండల్‌ది, ఆయన తర్వాత దేవవ్వది అని పట్వారి సదివి వినిపించిండు.

వాంగ్మూలం రాసుకుంట పట్వారి దేవవ్వను వయసెంతని అడిగిండు. “నలభై,” అన్నది. తలుపు కాడ నిలబడ్డ నర్మద ఆ మాట ఇని ఉలిక్కిపడ్డది. తనకు ముప్పై ఒకటి. తొమ్మిదేండ్లు పెద్ద మనిషి తనను అక్కా అక్కా అని పిలిచింది. తను చెల్లె అంటే ఊకొట్టింది. ఇచ్చేటోళ్లు పెద్ద, పట్టేటోళ్లు చిన్న. గంతే లెక్క. అది నర్మదకు ఇన్నేండ్లు సూడబుద్ధి కాలే.

ఇంతల రాయమల్లు గొంతు సవరించుకున్నడు. తప్పయిందని, తమ్ముడు పోయినంక ఇంటి పెద్దగ అమ్ముకున్నానని, సిద్దిరాములుకు ఏదో తీరుగ సర్దుతనని గొణిగిండు. సిద్దిరాములు నలుగురిల పరువు పోయిన మంటల ఉన్నడు. పంచె దులుపుకోని లేచి, తలుపు దిక్కు చెయ్యి చూపి గట్టిగ అన్నడు, “నాకేం పోయింది? అది దాని పెరడు. దాని సొమ్ము అమ్మి కొన్నది, అదే పోయి పోగొట్టుకున్నది. నాకేం సంబంధం లేదు.”

పదకొండేండ్లు కాయలు కాసినన్ని దినాలు అది “మా పెరడు”. పోయిననాడు “దాని పెరడు”. నర్మద నోటెంబడి రాలేని మాట, కాయితం మీద ఎక్కలేని మాట, పెద్దమనుషులు నవ్విన మాట, ఇయ్యాల ఆయన నోటెంబడే, అదే పెద్దమనుషుల ముందట వచ్చింది. తిట్టుగ వచ్చింది. ఎట్ల వస్తే ఏంది.

ఆమె గడప దాటి వాకిట్లకు వచ్చింది. కొంగు సదురుకున్నది.

“మా ఇంటాయన చెప్పింది అందరు ఇన్నరు గదా,” అన్నది. “నా సొమ్ముతోటి కొన్నదే. అట్లయితే రాయమల్లు మామ వాపసు ఇయ్యాల్సింది ఆయనకు కాదు, నాకు. గా మాట గూడ రాసుకోండ్రి. నేను నర్మదను అని రాయుండ్రి.”

ఎవలు నవ్వలే. పట్వారి సిద్దిరాములు దిక్కు సూసిండు. సిద్దిరాములు ఇప్పుడే అన్న మాటను ఇప్పుడే ఎట్ల మింగుతడు. నేల దిక్కు సూసుకుంట కూసున్నడు. పట్వారి రాసుకున్నడు. రాయమల్లు రెండేండ్లకు ఇచ్చిండు, అదీ సగమే. మిగిలింది ఆయనతోటే పోయింది. ఇచ్చిన సగం మాత్రం ఎవలు ఎంత చెప్పినా ఆమె ఇంకొకల చేతుల పెట్టలే. దాన్ని పెట్టి బాలలక్ష్మిని మంచిర్యాల హాస్టల్ల ఉంచి పదో తరగతి దాక సదివించింది.

దేవవ్వ మాత్రం ఆ చలికాలంల్నే వచ్చింది. ఆమెకు కావాల్సింది పెరడు కాదు, ఇల్లు. చిక్కుడు పందిరి పీకించింది. మల్లెపొద గోడ వచ్చే కాడ ఉన్నదని కొట్టించింది. సొరతీగ ఎండిపోయింది. ఒక్కొక్కటి పోతుంటే నర్మద ఎనుక తలుపు సందుల నుంచి సూసింది. వద్దనే హక్కు లేదు. ఏడ్వనీకె గూడ తనకు హక్కు ఉన్నదో లేదో ఆమెకు తెలువలే. నిజం చెప్పినందుకు ఒక స్నేహమన్న మిగులుతదని లోపట ఎక్కడ్నో ఆశపడ్డది. అది గూడ మిగులలే. దేవవ్వ తిట్టలే, దగ్గరికి తీయలే. ఎదురుపడ్డప్పుడు తలూపుతది, తన పని తాను చేసుకుంటది. నిజం పదకొండేండ్ల కింద చెప్తే, ఆ మోకాళ్లు వాయకముందు చెప్తే, ఆ ఎడ్ల కొట్టం పక్క ఒక్క వానకాలమన్న తప్పుతుండె. అది ఎవలు అనలే. నర్మదనే కండెలు చుట్టుకుంట రోజు అనుకునేది.

గుడిసె లేపుతున్ననాడు దేవవ్వ అన్న జర ఆలస్యంగ వస్తనన్నడట. గుడిసె నడిమి గుంజకు గుంత తవ్వి ఉన్నది. దేవవ్వ ఒక్కతే ఆ నిట్టాడును నిలబెట్టబోతున్నది, నిలుస్తలేదు. తలుపు కాడ నర్మదను సూసి పిలిచింది. అక్కా అని కాదు.

“నర్మదా, జర గిది పట్టు.”

“వస్తున్న అక్కా,” అన్నది నర్మద.

పాతిన రాయి దాటి పోయింది. రెండు చేతులతోటి నిట్టాడును గట్టిగ పట్టుకోని నిలబడ్డది. దేవవ్వ కూసోని గుంతల రాళ్లేసి, మట్టి పోసి, కాలితోటి తొక్కి తొక్కి గట్టి చేసింది. వాచిన మోకాలు నొప్పయినప్పుడల్ల ఆగి ఊపిరి తీసుకున్నది. నిట్టాడు కదలకుంట నిలిచింది. దేవవ్వ దాన్ని ఒకసారి ఊపి సూసి, చేతులు దులుపుకున్నది.

“ఇగ పో,” అన్నది. “నీ ఇంట్ల నీకు పని ఉంటది.”